జర్మన్ ప్రొఫెసర్ కావాలంటే తిరుపతి నుంచి దారి ఏది?

చంద్రగిరి_చదువరి
అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి. తిరుపతిలో బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను, ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర. ఇంటర్‌లో సంస్కృతం రెండో భాష. ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుంటా ఉన్నాను, ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు స్థాయిల్లో ఏ2 పూర్తయింది, బీ1 పాఠాలు నడుస్తున్నాయి. మా బ్యాచ్‌లో ఉండేవాళ్ళంతా నర్సింగు చేసినవాళ్ళు, లేకుంటే ఎంఎస్‌కి పోయేవాళ్ళు. నాకు వీసా కోసం కాదు ఈ భాష. యూనివర్సిటీలో జర్మన్ భాష, సాహిత్యం, సంస్కృతి పాఠం చెప్పాలని, పరిశోధన చెయ్యాలని ఉంది. ఇంట్లో చెప్తే "అట్లాంటి ఉద్యోగం ఒకటుందా?" అని అడిగినారు. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, జీతం ఎంత, చివరికి చేసే పని ఏంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

అలిపిరి_మెట్లు
ఉద్యోగం ఉందమ్మా, లేకేం. సెంట్రల్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే లెవెల్ 10, మూల వేతనం 57,700తో మొదలు. దాని మీద డీఏ, ఇంటద్దె వేరే. అసోసియేట్ ప్రొఫెసర్‌కి 1,31,400, ప్రొఫెసర్‌కి 1,44,200. సబ్జెక్టు జర్మన్ అయినా ఫిజిక్స్ అయినా స్కేలు ఒకటే. ఇంట్లో అడిగితే ముందు ఇది చెప్పు.

కానీ రెండో మాట కూడా విను. జర్మన్ శాఖ ఉండే యూనివర్సిటీలే దేశంలో కొన్ని. హైదరాబాదులో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ, పుణే, ముంబై, కాశీలో బీహెచ్‌యూ, ఇట్లా. ఒక్కో శాఖలో పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం నీకు సరిపడేది ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అంతవరకు గెస్ట్ ఫ్యాకల్టీగా ఉండాలి. 2019లో యూజీసీ పెట్టిన లెక్క ప్రకారం లెక్చరుకు 1,500, నెలకు 50,000 దాటకూడదు. సెలవుల్లో ఆ డబ్బు కూడా రాదు. మా బంధువుల్లో ఒకరు వేరే భాషలో ఇట్లాగే ఏళ్ళ తరబడి ఉన్నారు. నిన్ను భయపెట్టాలని కాదు, తెలిసి దిగాలని చెప్తున్నా.

తార్నాక_పలమనేరు
చెల్లెమ్మా, నేను పలమనేరు వాణ్ణి, ఇఫ్లూలో జర్మన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాబట్టి దారి ఏ అడుగుకు ఆ అడుగు చెప్తాను.

ఇఫ్లూ అంటే 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది. 1972లో విదేశీ భాషలు పేరులో చేరి సీఫెల్ అయింది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. పెద్దవాళ్ళు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. ఇక్కడ జర్మన్ బీఏ, ఎంఏ, పీహెచ్‌డీ మూడూ ఉన్నాయి. నువ్వు వేరే సబ్జెక్టుతో బీఏ చేసినా ఎంఏ జర్మన్‌కు రావచ్చు, కానీ భాష చేతిలో ఉండాలి. ఎంఏ క్లాసులో పాఠం, చర్చ, పరీక్ష అన్నీ జర్మన్‌లోనే. బీ1తో వస్తే మొదటి సెమిస్టరులోనే మునిగిపోతావు. బీ2 గట్టిగా ఉంటే నిలబడతావు. ఏ యూనివర్సిటీ ఏ సర్టిఫికెట్ అడుగుతుందో ఆ ఏటి ప్రకటనలో చూసుకో, మారుతూ ఉంటుంది.

ఎంఏలో 55 శాతం తప్పనిసరి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50. తర్వాత నెట్, అంటే లెక్చరర్ పోస్టులకు జాతీయ అర్హత పరీక్ష. జర్మన్‌కు వేరే పేపరు ఉంది. మొదటి పేపరు అందరికీ ఒకటే, 50 ప్రశ్నలు. రెండోది సబ్జెక్టు, 100 ప్రశ్నలు. రెండూ కలిపి మూడు గంటలు, తప్పుకు మార్కులు కొయ్యరు. అందులో పై మార్కులతో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్, రెండేళ్ళ తర్వాత 42,000. నా హాస్టలు, పుస్తకాలు, ఇంటికి పంపేది అన్నీ దాంట్లోనే. 2023 నుంచి నిబంధన ప్రకారం నెట్ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హత ఉన్నట్టే, పీహెచ్‌డీ లేకున్నా దరఖాస్తు పెట్టొచ్చు. అయినా ఇంటర్వ్యూలో నీ పక్కన కూర్చునేవాళ్ళంతా పీహెచ్‌డీలే ఉంటారు. అది లేకుండా పోయేదానికి లేదు. పైగా పీహెచ్‌డీ ఉంటే లెవెల్ 10 నుంచి 11కి నాలుగేళ్ళు, లేకుంటే ఆరేళ్ళు.

నర్సింగ్_అక్క
నేను తిరుపతిలోనే నర్సింగు చేసి జర్మనీకి బీ2 చదువుతున్నా. ఒక్క మాట చెప్పాలనిపించింది. మాకు పాఠం చెప్పేవాళ్ళలో సగం మంది మొన్నటి వరకు మా పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళే. బీ1 పాసయితే చాలు, మరుసటి నెల ఏ1 క్లాసు చెప్తారు. ఏ విభక్తి ఎందుకు వచ్చిందో అడిగితే "బట్టీ పట్టు, పరీక్షలో అదే వస్తుంది" అంటారు. రేపు వార్డులో ముసలాయన నొప్పి ఎక్కడో చెప్తుంటే నాకు అర్థం కావాలి కదా. బాగా చదివిన టీచర్లు మాకు ఎంత అవసరమో పడేవాళ్ళకే తెలుసు. నువ్వు ప్రొఫెసర్ అయితే ఇట్లాంటి టీచర్లను తయారు చేసేదాని మీద కూడా మనసు పెట్టు చెల్లీ.

విశ్రాంత_ఆచార్యురాలు
చంద్రగిరి అమ్మాయికి. నేను తిరుపతి దాన్నే. ఇక్కడే డిగ్రీ చేసి, హైదరాబాదులో జర్మన్ చదివి, ఒక సెంట్రల్ యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరి ప్రొఫెసర్‌గా అరవై ఐదో ఏట దిగినాను. ఇప్పుడు మళ్ళీ తిరుపతిలోనే ఉన్నాను. జీతం, నెట్ సంగతి పైన పిల్లలు సరిగ్గా చెప్పినారు. నువ్వు చివర్లో అడిగినావే, చేసే పని ఏంది అని, దానికి నేను జవాబు చెప్తాను. ఎందుకంటే చాలామందికి అదే తెలియకుండా ఈ దారిలోకి వస్తారు.

యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల పాఠం, పైవాళ్ళకు 14. కాగితం మీద తక్కువే. కానీ ఆ గంటల్లో ఉదయం పది గంటలకు అక్షరం ముక్క రాని మొదటి సంవత్సరం పిల్లలు, పదకొండున్నరకు పద్దెనిమిదో శతాబ్దం కవిత్వం చదివే ఎంఏ వాళ్ళు, మధ్యాహ్నం పీహెచ్‌డీ అధ్యాయం దిద్దించుకునేవాళ్ళు. జర్మనీలో ఉండే జర్మన్ ప్రొఫెసర్‌కు మొదటి తరగతి ఉండదు, వాళ్ళ పిల్లలు భాషతోనే పుట్టినారు. మనకు ఉంటుంది. చాలామంది సహోద్యోగులు సీనియర్లు కాగానే మొదటి సంవత్సరం క్లాసులు గెస్ట్ ఫ్యాకల్టీకి వదిలేసేవాళ్ళు. నేను దిగేవరకు వదల్లేదు. భాషలో పునాది పడేది అక్కడే.

మన తెలుగు పిల్లలకు ఏది సులువో ఏది కష్టమో జర్మనీలో అచ్చయిన పాఠ్యపుస్తకంలో ఉండదు. మనమే కనిపెట్టాలి. మన పిల్లలు హల్లుతో ఆగే మాటకు చివర ఉకారం చేరుస్తారు, ఆ అలవాటు పోగొట్టడానికి నెలలు పడుతుంది. అదే వాళ్ళ జడ్ అక్షరం పలకడానికి ఇంగ్లీషు పిల్లలు అవస్థ పడతారు, మనకు అక్కర్లేదు. చాప, చుక్క, చలి అనేటప్పుడు మన ఊళ్ళో పలికే దంత్య చకారమే అది. క్లాసులో "చలి అనండి" అంటే చాలు, అందరికీ ఆ ధ్వని వచ్చేస్తుంది. రెండు చుక్కలుండే యూ కూడా అంతే. నాలుకతో ఈ అంటూ పెదవులు మాత్రం ఊకి చుట్టమంటాను. ఇక ఇంటర్‌లో సంస్కృతం చదివిన పిల్ల విభక్తి అంటే బెదరదు. నామవాచకం లింగాన్ని బట్టి, వాక్యంలో దాని పనిని బట్టి రూపం మారుతుందంటే నీకు కొత్త కాదు. ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందంటే ఇంగ్లీషు వాడు తల పట్టుకుంటాడు, మనకు క్రియ ఎప్పుడూ చివరనే. ఇది పదిమందికి ఉపయోగపడేటట్టు ఒక వ్యాకరణంగా తెలుగులో రాసేవాళ్ళు రావాలని నా కోరిక.

చిత్తూరు_మామిడి
మేడమ్, నేను ఒక తండ్రిగా అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దండి. మా పాప కూడా ఇట్లాగే భాషలు అంటుంది. మన దేశంలో కూర్చుని జర్మన్ సాహిత్యం మీద పరిశోధన చేస్తే, జర్మనీ వాళ్ళకు తెలియనిది మనం ఏం చెప్పగలం? ఆ ఊరివాళ్ళే రాసిపెట్టిన దాన్ని మళ్ళీ రాయడమే కదా?

విశ్రాంత_ఆచార్యురాలు
అడగాల్సిన ప్రశ్నే అడిగినారు. ప్రతి సెలెక్షన్ కమిటీలో ఇది వేరే మాటల్లో వస్తుంది. దానికి నిలబడి జవాబు చెప్పలేనివాళ్ళు ఈ వృత్తిలో ఎదగలేరు.

ఒక ఉదాహరణ. సంస్కృతి కోర్సులో ఇరవయ్యో శతాబ్దపు జర్మనీ చరిత్ర వస్తుంది. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడం, యుద్ధం, యూదుల హత్యాకాండ, 1949లో రెండు దేశాలుగా విడిపోవడం, 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకోవడం, మరుసటి ఏడు అక్టోబరు 3న కలవడం. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల చెయ్యెత్తుతుంది: "మేడమ్, మా గడప మీద ఉండే స్వస్తికం వాళ్ళ జెండా మీదికి ఎట్లా పోయింది?" బెర్లిన్‌లో పాఠం చెప్పే ప్రొఫెసర్‌కు ఆ ప్రశ్న గడపలో నుంచి రాదు. నాకు వస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే పందొమ్మిదో శతాబ్దం జర్మన్ భాషాశాస్త్రంలోకి పోవాలి. 1818లో బాన్‌లో ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లేగెల్‌కు ఇచ్చిన సంస్కృత పీఠం, మాక్స్ ముల్లర్ 1849 నుంచి 1874 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో సాయణ భాష్యంతో అచ్చు వేసిన ఋగ్వేదం, భాషల కుటుంబాన్ని జాతిగా మార్చి చదివినవాళ్ళ రాజకీయం. భాషను బట్టి చేసిన విభజనకు రక్తంతో, పుర్రె ఆకారంతో సంబంధం లేదని ముల్లరే 1888లో గట్టిగా రాసినాడు, వినాల్సినవాళ్ళు వినలేదు. సంస్కృతమూ జర్మనూ రెండూ చదవగలిగి, ఇక్కడి సమాజంలో ఆ గుర్తు ఎట్లా బతికుందో తెలిసిన మనిషి ఈ చరిత్ర మీద చెప్పేదానికి విలువ ఉంది. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. ఈ ఊళ్ళో పెరిగిన పిల్లకు ఇది పరాయి విషయం కాదు.

అమ్మాయీ, ఇక్కడే ఒక తేడా గుర్తు పెట్టుకో. జర్మనీలో భారతీయ భాషలు, శాస్త్రాలు చదివే శాఖ ఇండాలజీ. జర్మన్ భాషా సాహిత్యాలు చదివేది గెర్మానిస్టిక్. నువ్వు అడుగుతున్నది రెండోది. రెండిటి మధ్య వంతెన కట్టొచ్చు, కానీ దరఖాస్తు పెట్టేటప్పుడు నువ్వు ఏ ఒడ్డున నిలబడి ఉన్నావో స్పష్టంగా ఉండాలి.

లైప్‌జిగ్_గాలి
మదనపల్లె నుంచి వచ్చి జర్మనీలో పరిశోధనలో ఉన్నాను, వేరే సబ్జెక్టు. ఇక్కడి ప్రొఫెసర్ల దారి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే "ఇక్కడ కాకపోతే అక్కడ" అని కొందరు అనుకుంటారు.

ఇక్కడ పీహెచ్‌డీ తర్వాత హాబిలిటేషన్ అని ఇంకో పెద్ద గ్రంథం రాయాలి. లేదా 2002లో తెచ్చిన జూనియర్ ప్రొఫెసర్ పదవి, మామూలుగా మూడేళ్ళు, బాగుంటే ఇంకో మూడేళ్ళు. 2007 చట్టం ప్రకారం తాత్కాలిక ఒప్పందాల మీద పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు. ఆ లోపల శాశ్వత పదవి దొరకకపోతే చాలామందికి బయటి దారే. పైగా పనిచేస్తున్న చోటనే ప్రొఫెసర్‌గా నియమించడం సాధారణంగా కుదరదు, ఊరు మారాల్సిందే. 2021లో ఈ పరిస్థితి మీద పరిశోధకులంతా సోషల్ మీడియాలో పెద్ద ఎత్తున గొంతు విప్పారు. అమెరికాలోనూ భాషా శాఖలు మూతపడుతున్నాయి. 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ విదేశీ భాషల డిగ్రీలన్నీ ఎత్తేసింది. అందుకని భారతదేశంలో ఉన్న దారిని తక్కువగా చూడొద్దు. పోస్టు దొరకడమే ఆలస్యం, దొరికాక నిలకడ ఉంది.

ఇంకొకటి. నేను ఉండే లైప్‌జిగ్‌కు దగ్గర్లోనే హాలే అనే ఊరు ఉంది. పైన మామిడి గారు అడిగిన ప్రశ్నకు అక్కడ ఒక జవాబు ఉంది. బెంజమిన్ షుల్ట్జే అనే జర్మన్ మతబోధకుడు 1719లో తరంగంబాడికి వచ్చాడు, 1726లో మద్రాసు చేరాడు, అక్కడ తెలుగు నేర్చుకుని 1728లో వ్యాకరణం రాశాడు. 1743లో తిరిగి వెళ్ళిపోయి హాలేలో 1746, 47లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలు మన గడ్డ మీద కాదు, అక్కడ పుట్టాయి. ఆ మిషన్ ఉత్తరాలు, డైరీలు ఫ్రాంకే సంస్థల భాండాగారంలో ఉన్నాయి. అవి చదవాలంటే పాత జర్మన్ రావాలి, తెలుగూ రావాలి. రెండూ బాగా వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

చంద్రగిరి_చదువరి
ఇది నాకు అసలు తెలియదు. చరిత్ర క్లాసులో కూడా ఎవరూ చెప్పలేదు. మేడమ్, దీని మీద పీహెచ్‌డీ చెయ్యొచ్చా?

విశ్రాంత_ఆచార్యురాలు
చెయ్యొచ్చు. కానీ ఎంఏ అయ్యేదాకా అంశం గురించి ఆలోచించి నిద్ర పాడుచేసుకోవద్దు, నీ అంశం మారుతుంది. మారకపోయినా దానికి కావాల్సిన పనిముట్లు వేరే ఉన్నాయి. ఆ కాలం చేతిరాతను కుర్రెంట్ అంటారు. అందులో 'e' అక్షరం ఇప్పటి ఎన్ లాగా ఉంటుంది, యూకీ ఎన్‌కీ తేడా తెలియడానికి యూ పైన చిన్న వంకర గీత గీస్తారు. బాగా జర్మన్ వచ్చిన మనిషి కూడా మొదటిసారి ఆ కాగితం చూస్తే ఒక్క మాట పట్టుకోలేడు. నా పీహెచ్‌డీ విద్యార్థి ఒకడు డాడ్ (జర్మన్ విద్యా మార్పిడి సంస్థ) స్కాలర్‌షిప్ మీద పోయి భాండాగారంలో కూర్చుని మొదటి వారమంతా ఒక్క ఉత్తరంతో కుస్తీ పట్టినాడు. రెండో వారం చివరికి చేతిరాత అలవాటైంది, తర్వాత పరుగు తీసినాడు. ఆ డాడ్ అనే సంస్థ 1925 నుంచి ఉంది. మన పరిశోధకులు జర్మనీకి పోవడానికి ఎక్కువగా వాడే దారి అదే.

బెంగళూరు_బస్సు
నేను స్కూల్లో జర్మన్ చెప్తాను. ప్రొఫెసర్ పోస్టు వచ్చేలోగా బతుకుతెరువు ఏది అనేదానికి నా మాట. బెంగళూరు, హైదరాబాదు, చెన్నైలో జర్మన్ టీచర్లకు పని ఉంది. మాక్స్ ముల్లర్ భవన్ (గోథే ఇన్‌స్టిట్యూట్) వాళ్ళ టీచర్ శిక్షణ, సీ1 సర్టిఫికెట్ ఉంటే కంపెనీల్లో కూడా పిలుస్తారు. కానీ స్కూలు ఉద్యోగంలో విధానాలు ఒక్కసారిగా మారిపోతాయి. 2011లో కేంద్రీయ విద్యాలయాల్లో జర్మన్‌ను మూడో భాషగా తెచ్చారు, 2014 నవంబరులో విద్యా సంవత్సరం మధ్యలో తీసేసి దాని స్థానంలో సంస్కృతం అన్నారు. అప్పుడు పిల్లలూ టీచర్లూ పడిన ఇబ్బంది నాకు గుర్తుంది. రెండు భాషలనూ ఒకదాని మీదికి ఒకటి ఎగదోయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఈ అమ్మాయికి రెండూ కావాలి చూడండి.

అలిపిరి_మెట్లు
నేను ముందు చెప్పిన మాట మీదనే ఉన్నా: పోస్టులు తక్కువ, ఆలస్యం ఎక్కువ. కానీ సీ1 చేతిలో ఉన్నవాళ్ళకు ఆ ఆలస్యంలో అన్నం దొరుకుతుంది. మిగతా సాహిత్యం ఎంఏలకు లేని సదుపాయం ఇది. కాబట్టి ఇంట్లో ఇట్లా చెప్పు: భాషతో ముందు జీతం, తర్వాత పీహెచ్‌డీ, పోస్టు పడినప్పుడు దరఖాస్తు.

తార్నాక_పలమనేరు
అన్న చెప్పిన క్రమం ఒక్కటి మారుస్తా. ఎంఏ అయిన వెంటనే పీహెచ్‌డీ వదిలి ఉద్యోగంలోకి పోతే వెనక్కి రావడం కష్టం. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది, జనరల్ వాళ్ళకు 30. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం వయసు లేదు. నా తోటివాళ్ళు ఇద్దరు బహుళజాతి కంపెనీల్లో చేరినారు, నాకంటే మూడింతలు సంపాదిస్తున్నారు, సంతోషంగానే ఉన్నారు. మళ్ళీ పుస్తకం దగ్గరికి వస్తామని మాత్రం ఇప్పుడు అనడం లేదు. ఫెలోషిప్ దొరికితే ఆ ఐదేళ్ళు చదువుకే ఇవ్వు.

చిత్తూరు_మామిడి
మేడమ్ చెప్పింది మా పాపకు చదివి వినిపించినాను. తను ఇంటర్ మొదటి సంవత్సరం. సంస్కృతం తీసుకోనా తెలుగు తీసుకోనా అని మార్కుల లెక్క వేసుకుంటా ఉండింది. ఇప్పుడు వేరే రకంగా ఆలోచిస్తా ఉంది. థ్యాంక్సండి.

చంద్రగిరి_చదువరి
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నేను అనుకున్నది ఇది: ఈ ఏడు బీ1 పరీక్షకు చెన్నై పోతాను, డిగ్రీ అయ్యాక ఒక సంవత్సరం పూర్తిగా భాషకే పెట్టి బీ2 దాటుతాను, ఆ తర్వాత ఇఫ్లూ, జేఎన్‌యూ రెండిటికీ ఎంఏ ప్రవేశ పరీక్ష. నాన్నకు జీతం లెక్క చూపించినాను, ఒక సంవత్సరం ఆగడానికి ఒప్పుకున్నాడు. రెండు ప్రశ్నలు మిగిలినాయి. బీ1లో నాకు వినడం బలహీనం, మిగతావి పరవాలేదు. ఒక్కటి పోతే మొత్తం పోతుందా? రెండోది, ఆ పాత చేతిరాత ఇప్పటి నుంచే నేర్చుకోవచ్చా?

నర్సింగ్_అక్క
బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు మాడ్యూళ్ళు. ఒక్కోదానికి 100, అందులో 60 రావాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. వినడానికి రోజూ జర్మన్ వార్తలు పెట్టుకో. డాయిచె వెల్లె వాళ్ళు నేర్చుకునేవాళ్ళ కోసం నిదానంగా చదివే వార్తలు ఇస్తారు, కింద రాతప్రతి కూడా ఉంటుంది. ముందు చూడకుండా విను, తర్వాత రాతతో సరిచూసుకో. నేను అట్లానే గట్టెక్కినా.

విశ్రాంత_ఆచార్యురాలు
చేతిరాత ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, రోజుకు పావుగంట చాలు. చదవడం కంటే ముందు రాయడం నేర్చుకో. కుర్రెంట్ అక్షరమాల ఒక కాగితం మీద దించుకుని, నీ పాఠ్యపుస్తకంలో వాక్యాలనే ఆ లిపిలో రాయి. చెయ్యి ఏ గీత ఎటు తిప్పుతుందో తెలిస్తే కన్ను దానంతట అదే పట్టుకుంటుంది. అచ్చు పుస్తకాల్లో ఉండే ఫ్రాక్టూర్ దానికంటే సులువు, మాట మొదట్లో, మధ్యలో వచ్చే పొడుగు ఎస్‌ను ఎఫ్ అనుకోకుండా చూసుకుంటే చాలు. బీ2 పాసయినాక చెప్పు, తిరుపతిలోనే కదా ఉండేది, ఎంఏ ప్రవేశ పరీక్షకు వ్యాసరచన నేను దిద్దుతాను.

తార్నాక_పలమనేరు
పాత ప్రవేశ పరీక్ష పేపర్లు నా దగ్గర ఉన్నాయి చెల్లెమ్మా, మెసేజ్ పెట్టు, పంపిస్తా.